మద్రాసు గాలికి మొలిచిన గూని

మా ఇంట్లో ఉప్పు డబ్బా మూతకు బోలెడన్ని చిల్లులున్నాయి గాని, కార్తీకం వానలు మొదలయ్యాయంటే వాటిలో ఒక్కదానిలోంచి కూడా ఉప్పు రాలదు. టి. నగర్‌లో స్టీలు సామాన్ల అంగట్లో మా కోడలు ముచ్చటపడి కొన్న డబ్బా అది. ఉప్పు పాకెట్టు మీదేమో ఏ కాలంలోనైనా జలజలా రాలుతుందని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. నేను పెరుగన్నం ముందు కూర్చుని ఆ డబ్బాను బోర్లించి, అడుగున అరచేత్తో చరిచి, పూజగంటలా కాసేపు ఊపి, చివరికి చెంచా కాడతో లోపలి గడ్డను పొడుస్తుంటే, నాలుగు బియ్యపు గింజలు వేస్తే తేమ పీల్చుకుంటాయని కోడలు సలహా చెప్పింది. వేశాను. ఇప్పుడు బియ్యపు గింజలు కూడా రాలడం లేదు.

ఈ ఊరి గాలిలో నీళ్ళున్నాయన్న సంగతి ఆరేసిన చొక్కాకు తెలుసు, డబ్బాలోని అప్పడాలకు తెలుసు, వానాకాలంలో సగం మూసుకుని అక్కడే బిగుసుకుపోయే మా వీధితలుపుకు తెలుసు. తెలియకుండా ఉండాలంటే మనిషి బాగా చదువుకుని ఉండాలి. అంత బాగా చదువుకున్న ఒక పెద్దమనిషి దగ్గర నేను డెబ్భైల చివర్లో కొన్నేళ్ళు ఉద్యోగం చేశాను. ఉప్పు గడ్డకట్టినప్పుడల్లా ఆయన గుర్తుకొస్తారు. ఇది గౌరవంతో అంటున్న మాట కాదని మొదటే చెప్పేయడం మర్యాద.

మాది పాత ఉత్తర మద్రాసులో తరాలుగా మిరపకాయల టోకు వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. తుమ్ముతూ పుట్టి తుమ్ముతూ పెరిగినవాళ్ళం. మా ఇంట్లో ఇంజనీరింగు చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి కాబట్టి, ఊరి అవతలి కొసన ఉన్న ఒక పరిశోధనశాలలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరినప్పుడు నాన్న నన్ను అంగట్లో బస్తాల మధ్య కూర్చోబెట్టి, ఆడ నువ్వు జేసే పనేంది అని అడిగాడు. గాలిని పెద్ద గొట్టంలో మహావేగంగా ఊదించి దాని ఒత్తిడి కొలుస్తామని చెప్పాను. “కొలిచినాక?” అన్నాడు. ఆ గాలి ఎట్లా పోవాలో కంప్యూటర్లో లెక్క కట్టి, రెండూ సరిపోతాయో లేదో చూస్తామన్నాను. “సరిపోతే?” అన్నాడు. సంతోషిస్తామని చెప్పాను. నాన్న గుమాస్తా వైపు తిరిగి, “దీనికి జీతం గూడా ఇస్తారంట” అన్నాడు.

ఆ గొట్టాన్ని గాలి సొరంగం అనేవాళ్ళం. పొద్దున్నుంచి కంప్రెసరు రొదపెడుతూ బయటి గాలిని పీల్చి, ఇంటంత ఇనుప ట్యాంకుల్లోకి కూరేది. అవి నిండాక సైరను మోగించి వాల్వు తెరిస్తే, ఆ గాలంతా సన్నని మెడలాంటి ఇరుకులోంచి దూరి, అటుతర్వాత వెడల్పయ్యే దారిలో ధ్వనికి రెట్టింపు వేగంతో దూసుకుపోయేది. చెవులు పగిలేటంత చప్పుడు. ఆ చప్పుడు అర నిమిషం కూడా ఉండదు. పెళ్ళిలో రోజంతా వండినది ఒక్క పంక్తిలో అయిపోయినట్టు ట్యాంకులు ఖాళీ అయ్యేవి, మళ్ళీ కంప్రెసరు మొదలు. అంత వేగంలో గాలి విపరీతంగా చల్లబడుతుంది. మంచు కంటే చాలా చల్లన. కాబట్టి అందులో తడి ఉంటే అది ఆ క్షణంలోనే పొగమంచై, లోపల దాచుకున్న వేడిని వదిలి, గాలి వేగాన్నీ ఒత్తిడినీ తారుమారు చేస్తుంది. ఇది పుస్తకాల్లో మొదటి పాఠం. అందుకని ట్యాంకులకు ముందు ఒక నిలువెత్తు ఆరబెట్టే గోపురం ఉంటుంది. దాని నిండా తేమ పీల్చే గుళికలు. పొడిగా ఉన్నంతసేపూ నీలం రంగు, తడి నిండితే గులాబీ రంగు. గులాబీకి తిరిగినప్పుడు కరెంటు హీటరుతో వేడిగాలి పంపి వాటిని మళ్ళీ ఎండబెట్టాలి.

ఆ హీటరు నేను చేరకముందే కాలిపోయింది. కొత్తదానికోసం పెట్టిన అర్జీ ఒక గదిలోంచి ఇంకో గదికి తీర్థయాత్ర చేస్తూ ఉండేది. గోపురానికున్న చిన్న గాజుకంతలోంచి చూస్తే గుళికలు ఏడాది పొడుగునా చక్కని గులాబీ రంగులో కనిపించేవి. చూడవచ్చిన అతిథులు, ముఖ్యంగా వాళ్ళ భార్యలు, ఎంత బాగుందోనని మెచ్చుకునేవాళ్ళు. ఆయుధపూజ రోజున కంప్రెసరుకూ ట్యాంకులకూ వాల్వులకూ బొట్లు పెట్టి, అన్నిటికంటే పెద్ద బొట్టు, అన్నిటికంటే పెద్ద బూడిద గుమ్మడికాయ ఆ గోపురానికే సమర్పించేవాళ్ళం. మా పెద్దాయన స్వయంగా కర్పూరం వెలిగించేవారు.

పెద్దాయన అంటే మా ప్రొఫెసరు. ఆ సొరంగాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. ఆ మాటను ఆయన ఎవరినీ మరిచిపోనిచ్చేవారు కాదు. ఆయనదీ బ్రిటిషు కాలంలోనే మద్రాసు చేరిన తెలుగు కుటుంబమే. నలుగురిలో ఇంగ్లీషు, కోపం వస్తే తెలుగు. తేమ సంగతి ఎవరైనా ఎత్తితే ఆయన దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉండేది: గాలిని కుదించినప్పుడే నీళ్ళు ట్యాంకు అడుక్కు దిగిపోతాయి, అడుగు కుళాయి తిప్పితే కారిపోతాయి, ఇంక తడి యాడ మిగిలింది? కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చే మాట నిజమే. కొంత తడి పోతుంది, మనసులో బెంగ పూర్తిగా పోతుంది. మిగిలిన తడి మాత్రం గాలితోపాటు సొరంగంలోకి వెళ్ళి, మందపాటి గాజుకిటికీ వెనక తెల్లగా, పాలు ఒలికినట్టు ఒక్కసారి మెరిసి మాయమయ్యేది. అతిథులను ఆ కిటికీ ముందు నిలబెట్టి, ఆ తెల్లదనమే గాలిలో పుట్టే షాక్ తరంగమని పెద్దాయన చెప్పేవారు. అసలు తరంగం మామూలు కంటికి కనపడదు. దానికి అద్దాలూ దీపాలూ వేరే సరంజామా ఉంది. కాని కనపడనిదాన్ని చూసి చప్పట్లు కొట్టమని అతిథులను అడగలేం కదా.

ఇక కంప్యూటరు. మీరూ నా ఈడువాళ్ళే గనక చిల్లుల అట్టకార్డుల సంగతి విడమరిచి చెప్పక్కరలేదు. లెక్కలో ఒక్కో వరుసకూ ఒక్కో కార్డు. వాటిని చెప్పుల డబ్బాల్లో సర్ది, పైన పాండీబజారు చీరల అంగడి ప్లాస్టిక్ సంచి చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంకో చోటున్న కంప్యూటరు కేంద్రానికి మోసుకెళ్ళడం నా ముఖ్యమైన పరిశోధన. అక్కడ కిటికీలోంచి డబ్బా లోపలికిస్తే, మర్నాడు అంచుల్లో కంతలున్న వెడల్పు కాగితాల కట్ట వచ్చేది. ఎక్కడైనా కామా మరిచిపోయి ఉంటే ఆ సంగతొక్కటే ఒక పేజీలో అచ్చయి వచ్చేది. వానాకాలంలో కార్డులు తేమకు ఉబ్బి యంత్రం గొంతుకు అడ్డం పడేవి, కిటికీలోని మనిషి నన్ను తమిళంలో ఆశీర్వదించేవాడు. అంటే మా గాలి తడిగా ఉందని ఆ కంప్యూటరు మొదటినుంచీ తనకు తెలిసిన భాషలో చెబుతూనే వచ్చింది.

ఆ లెక్కలు రాసింది మా సీనియరు అక్క. ఆవిడ డాక్టరేటు కోసం పెద్దాయన కింద ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. మాధవరంలో ఇల్లు, ఇంట్లో తల్లి తప్ప ఎవరూ లేరు. ఒక ఆడపిల్లల కాలేజీలో ఆవిడకు లెక్కల లెక్చరరు ఉద్యోగం ఇస్తామన్నారు. వచ్చే జూన్ లోపల డిగ్రీ చేతిలో ఉండాలని షరతు. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. అప్పటికే స్కాలర్‌షిప్పు ఆగిపోయి తల్లీకూతుళ్ళు ట్యూషన్లతో నెట్టుకొస్తున్నారు. ఆవిడ పొదుపుగా మాట్లాడేది, నేను ఆ లోటు తీర్చేవాణ్ణి. సొరంగంలో గాలి ఎక్కడ ఎంత వేగంతో పోతుందో, ఒత్తిడి ఎక్కడ ఎంత ఉంటుందో, దారినంతా చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి గడికి గడిగా లెక్కకట్టే ప్రోగ్రాం ఆవిడది. ఫలితాలను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి, వంపులు గీసే ప్లాస్టిక్ పలకతో కలిపేది. ఒకసారి నేను చూసుకోకుండా ఆ పలక మీద కూర్చున్నందువల్ల దాని అంచు ఒకచోట విరిగింది. అప్పటినుంచీ ఆవిడ గీసిన ప్రతి గీతలోనూ, చూడాలని చూస్తే, ఒక సన్నని నొక్కు ఉండేది. కొత్తది కొనిస్తానన్నాను. “సుమ్మా ఊరుకో. నువ్వు కూర్చున్న చోటు గుర్తు ఉండనీ” అంది.

చిక్కల్లా ఇది. ఆవిడ లెక్క ప్రకారం ఆ ఇరుకు దాటాక గాలి ఒత్తిడి నున్నగా దిగిపోవాలి. సొరంగంలో కొలిస్తే అలా దిగుతూ దిగుతూ ఒకచోట చిన్న గూనిలా పైకి లేచి, మళ్ళీ దిగేది. వేసవిలో గూని చిన్నది, వానలు కురిసే ఐప్పసి, కార్తీక మాసాల్లో పెద్దది. ఆవిడ ప్రోగ్రాంను తిరగేసింది, గళ్ళను ఇంకా చిన్నవి చేసింది, మొదటినుంచీ తిరిగి రాసింది. లెక్కలో గూని రాలేదు. పెద్దాయన ఆ రెండు గీతలనూ పక్కపక్కన పెట్టుకుని ఆవిడను పిలిపించారు. నేను తలుపు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను. “ఆడ నిజం గాలి వీస్తా ఉండాది. ఈడ నువ్వు కాయితం మీద కూడికలు జేస్తా ఉండావు. ఎవరి మాట నమ్మాలమ్మా నేను?” అన్నారు.

గాలిలో తడి ఉందేమో సార్ అని ఆవిడ నెమ్మదిగా అంది. పెద్దాయన అడుగు కుళాయి సిద్ధాంతం చెప్పారు. తర్వాత, సమస్య తేలిపోయిందన్న సంతోషంతో, ప్రోగ్రాంలో ఒక కార్డు పెట్టమన్నారు. ఒక్కటే కార్డు. ఇరుకు దాటిన తర్వాత ఫలానా గడి దగ్గర ఒత్తిడికి ఇంత కలుపు అని చెప్పే కార్డు. లెక్కలో కూడా గూని వస్తుంది, రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. దానికి ఆయన ఇంగ్లీషులో 'స్థానిక సవరణ' అని పేరుపెట్టారు. ఆ లోకంలో పేరు పెట్టిన వస్తువుకు గౌరవం వచ్చేస్తుంది. అట్లా పెడితే అది లెక్క అవదు సార్, బొమ్మ అవుతుందని ఆవిడ అంది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “అందరూ జేసేదే. నీకొక్కదానికే దేవుడు కనపడినాడా?” అన్నారు. అందరూ చేసేదే అన్న మాటలో అబద్ధం లేదు. తర్వాత తర్వాత నేను చూసిన చాలా గీతలు అలా ఒద్దికగా కలిసి ఉండడానికి కారణం కూడా అదే.

ఆవిడ కార్డు పెట్టలేదు. ఇంకో పని చేసింది. తడిగాలి చల్లబడి పొగమంచైనప్పుడు వదిలే వేడిని కూడా లెక్కలో చేర్చి ప్రోగ్రాం మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. అందుకు, సొరంగం నడిపిన ప్రతి రోజూ ఊళ్ళో గాలి ఎంత తేమగా ఉందో తెలియాలి. వాతావరణ వివరాలు దినపత్రికలో వస్తాయి. పాత పత్రికలు మా అంగట్లో గుట్టలుగా ఉంటాయి, మిరపకాయల పొట్లాలకు. నేను రోజుకో కట్ట సంచిలో వేసుకుని బస్సెక్కేవాణ్ణి. సీటు పక్కవాళ్ళు తుమ్మి లేచి వెళ్ళిపోయేవాళ్ళు, ఆ విధంగా కార్డుల డబ్బాకు కూడా సీటు దొరికేది. నాన్న నాలుగు రోజులు చూసి, “ఏందిరా, మీ ఆఫీసులో పొట్లాలు గట్టే పని గూడా మొదలుపెట్టినారా?” అని అడిగాడు.

ఆ కొత్త లెక్క ఫలితం వచ్చిన మధ్యాహ్నం నాకిప్పటికీ జ్ఞాపకం. కాంటీన్ బల్ల మీద కాగితాల కట్ట పరిచి, అక్క ఒక్కొక్క చుక్కా పెడుతూ వచ్చింది. ఎవరూ ఏమీ కలపలేదు, ఎక్కడ రావాలో చెప్పలేదు. గూని దానంతట అదే, సరిగ్గా సొరంగంలో లేచిన చోటే లేచింది. పత్రికలో తేమ ఎక్కువని వేసిన రోజున పెద్దగా, తక్కువని వేసిన రోజున చిన్నగా. ఆవిడ పెన్సిలు కింద పెట్టి, నా వైపు తిరిగి నవ్వింది. అన్నేళ్ళలో ఆవిడ పళ్ళు నేను చూసింది అప్పుడే. “తడేరా, అబ్బోడా. తడే” అంది. నేను ఆ సందర్భానికి తగిన హాస్యం ఏదీ తోచక, ఇంకో రెండు కాఫీలు చెప్పాను.

మర్నాడు పెద్దాయన ఆ కాగితాలన్నీ ఓపికగా చూశారు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. అయి ఉంటే నాకు ఇంత రోత పుట్టేది కాదు. ఐదు నిమిషాల్లో ఆయనకు అంతా అర్థమైందని ఆయన మెడ మీద చెమట చెప్పింది. లెక్క సరైనదైతే హీటరు కాలిపోయినప్పటినుంచీ ఆ సొరంగంలో కొలిచినవన్నీ తప్పు. వాటి ఆధారంగా ఆయన రాసిన వ్యాసాలూ, ఎవరెవరికో పంపిన నివేదికలూ తప్పు. గోపురానికి పెట్టిన బొట్టు సంగతి సరేసరి. అవన్నీ సర్దుకోవాలంటే ఆయన ఒక్క మాట అనాలి, ఒక హీటరు కొనిపించాలి. ఆయన కాగితాలను మళ్ళీ సాపుగా మడిచి తన సొరుగులో పెట్టుకుని, ఈ తడి అధ్యాయం థీసిస్సులో ఉంటే నేను సంతకం పెట్టనని చెప్పారు. గొంతు పెంచలేదు. పైగా అభిమానంగా, “మీ అమ్మ గురించి ఆలోచించుకోమ్మా. జూన్ యాడో లేదు” అన్నారు.

నాకు పెద్దాయన మీద మొదటిసారి అసహ్యం వేసింది ఆ అభిమానానికే. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో.

అక్క వారం రోజులు ప్రయోగశాలకు రాలేదు. వచ్చిన రోజున నేరుగా కార్డులకు చిల్లులు కొట్టే యంత్రం ముందు కూర్చుంది. నేను కొడతానక్కా అన్నాను. “వద్దు. నీ చేతికెందుకురా ఈ అంటు” అంది. ఆ యంత్రం చప్పుడు మామూలుగా దుకాణంలో గుమాస్తా టైపు కొట్టినట్టు హుషారుగా ఉండేది. ఆ రోజు మాత్రం ఒక్కో అక్షరానికీ ఆగి ఆగి వినిపించింది. ఆ సవరణ కార్డు బయటికొచ్చాక దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూసి, డబ్బాలో దాని చోట దాన్ని దోపి, పురికొస కట్టి నాకిచ్చింది. తర్వాత పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. మా ఇంట్లో మిరపకాయలు ముట్టుకున్నవాళ్ళు కూడా అంతసేపు కడుక్కోరు.

ఆ కార్తీకంలోనే కంప్యూటరు ఖర్చుకు సొమ్ము మంజూరు చేసే కమిటీ వచ్చింది. బయట కుండపోత. పెద్దాయన సూటు వేసుకుని ఆ రెండు గీతల చిత్రాన్ని గోడంత పెద్దదిగా గీయించి తగిలించారు. కంప్యూటరు లెక్కా సొరంగం కొలతా ఇంత చక్కగా కలిసిన చోటు దేశంలో ఇంకొకటి లేదని ఇంగ్లీషులో చెప్పారు. అందులో అతిశయోక్తి లేదు. సైరను మోగింది, వాల్వు తెరిచారు, కిటికీ వెనక ఎన్నడూ లేనంత తెల్లగా, ఒక మేఘమే వచ్చి కూర్చున్నట్టు మెరిసింది. ఆ వానలో మేము ట్యాంకుల్లోకి కూరింది దాదాపు వాననే గదా. కమిటీవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ముసలాయన ఒకరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. అక్క గోడకు ఆనుకుని, ఎవరో ఇచ్చిన బిస్కెట్టును చేతిలోనే పట్టుకుని నిలబడి ఉంది. అది అప్పటికే మెత్తబడిపోయింది.

జూన్ లోపల డిగ్రీ వచ్చింది. కాలేజీ ఉద్యోగమూ వచ్చింది. అక్క స్వీటు పంచలేదు, మేమూ అడగలేదు. నేను ఆ తర్వాత ఆట్టే కాలం ఉండలేక, ఎన్నూరు వైపు ఒక ఫ్యాక్టరీలో కంప్రెసర్ల విభాగంలో చేరాను. అక్కడ గాలిని ఆరబెట్టకపోతే యంత్రం ఆగిపోతుంది, యంత్రం ఆగితే ఫోర్‌మన్ మన వంశంలో అందరినీ పేరుపేరునా తలచుకుంటాడు. ఆ పద్ధతి నాకు చాలా ఆరోగ్యకరంగా తోచింది.

ఎనభైల నడుమ ఒక రోజు ఫ్యాక్టరీ లైబ్రరీలో ఏదో వెతుకుతూ ఒక విదేశీ పత్రిక తిరగేస్తుంటే పెద్దాయన పేరు కనపడింది. వ్యాసం విషయం: ఉష్ణదేశాల సముద్రతీరపు గాలిలో తేమ, వేగమైన గాలి సొరంగాల మీద దాని ప్రభావం, దానికి కంప్యూటరు లెక్క. నిలబడి చదవడం మొదలుపెట్టినవాణ్ణి కూర్చున్నాను. ఆయన సొరుగుపాలు చేసిన అక్క అధ్యాయమే అది, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా. కొత్త హీటరు వచ్చాక తడిగాలితో ఒకసారీ పొడిగాలితో ఒకసారీ సొరంగం నడిపి, ఆ లెక్క ఎంత సరైనదో నిరూపించారు. పేరు ఆయనదొక్కటే. చిత్రం చూశాను. గూని పక్కనే, దిగుతున్న గీతలో, ఒక సన్నని నొక్కు. అక్క గీసిన కాగితాన్నే అచ్చుకు పంపారు. మళ్ళీ గీయించే కష్టం కూడా పడలేదు.

అంతవరకూ అయితే దొంగతనం అనుకుని ఊరుకుందును. ఆ లోకంలో అది అరుదైన వస్తువేమీ కాదు. కాని నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. ఇదే ప్రయోగశాలలో ఇంతకు ముందు జరిగిన ఒక పరిశోధనలో గాలిలోని తేమను గుర్తించకపోగా, ఏ ఆధారమూ లేని ఒక సవరణను చొప్పించి ఫలితాలను కుదుర్చుకోవడం జరిగిందనీ, అటువంటి ధోరణి శోచనీయమనీ రాశారు. కింద చిన్న అక్షరాలతో ఆ పరిశోధన ఏదో, ఎవరిదో ఇచ్చారు. అక్క పేరు ఆ వ్యాసం మొత్తంలో ఉన్నది ఆ ఒక్క చోటే.

ఆ ఆదివారం పత్రిక పట్టుకుని మాధవరం వెళ్ళాను. అక్క వసారాలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తల్లి లోపల మంచం మీద. నేను ఏమీ చెప్పకుండా పేజీ తెరిచి ఇచ్చాను. ఆవిడ దిద్దుతున్న ఎర్ర పెన్సిలు చేతిలోనే ఉంచుకుని, ఒక్కో సమీకరణం దగ్గరా ఆగి, పెదవులు కదుపుతూ, పిల్లల పేపరు చూసినట్టే చూసింది. నాలుగో పేజీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. నేను పత్రికకు ఉత్తరం రాద్దామన్నాను, సాక్ష్యం చెబుతానన్నాను, ఆ గీతలో నొక్కు మీద నా హక్కు కూడా ఉందన్నాను. ఆవిడ పత్రిక మూసి, ఏమని రాస్తావురా, ఆ కార్డు నేను పెట్టలేదని రాస్తావా అంది. కార్డు పెట్టింది ఆవిడే. థీసిస్సు మీద సంతకం ఆవిడదే. పెట్టమన్న మాటకు కాగితం లేదు. అటువంటి మాటలకు కాగితం ఉండకుండా చూసుకునే చదువే పెద్ద చదువు. ఆవిడ లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. బస్సెక్కించడానికి వీధి చివరి దాకా వచ్చి, మా నాన్న ఆరోగ్యం గురించి అడిగింది.

ఇప్పుడు మా కింది వాటాలో ఒక ఇంజనీరు కుర్రాడు ఉంటాడు. కాఫీకి వచ్చినప్పుడు ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని, రెక్క చుట్టూ గాలి పోయే తీరు రంగురంగుల్లో చూపిస్తాడు. ఎరుపు, పసుపు, నీలం, పెళ్ళిపందిట్లో దీపాల్లా కదులుతూ ఉంటాయి. మేము ఒక రోజంతా ఎదురుచూసిన లెక్క, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. చెప్పుల డబ్బాలు లేవు, బస్సు లేదు, కిటికీలోంచి తమిళ ఆశీర్వచనాలు లేవు. ఆ ఎదురుచూసే రోజంతా మేము కాంటీన్‌లో కూర్చుని, లెక్క ఎందుకు తప్పయి ఉంటుందా అని మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే నేను నేర్చుకున్న నాలుగు ముక్కలూ ఆ ఖాళీలో నేర్చుకున్నవే. ఆ బల్లను, దాని మీద పరిచిన కాగితాలను, ఎదురుగా పెన్సిలు కొరుకుతూ కూర్చున్న ఆ మనిషిని తలుచుకుంటే, ఇంత రోతలోనూ మనసు ఒక్కొక్కసారి అటే పోతుంది. సొరంగంతో పోల్చినప్పుడు సరిపోకపోతే ఏం చేస్తావని ఆ కుర్రాణ్ణి అడిగాను. దానికి ఇందులోనే సెట్టింగు ఉంది అంకుల్ అని తెర మీద ఒక గడిని నొక్కి చూపించాడు. చెయ్యి కడుక్కోవలసిన పని కూడా లేకుండా చేశారు.

పోయిన వారం పెద్దాయన పోయారు. నిండు వయసు, నిద్రలోనే. పేపర్లో ఆయన ఫొటో వేసి, భారతీయ తీరపు గాలిలో తేమ రహస్యాన్ని మొదట కనిపెట్టిన శాస్త్రవేత్త అని రాశారు. సంతాపసభ ఉందని ఎవరో నాకూ కబురు చేశారు. నేను మాధవరానికి ఫోను చేశాను. అక్కకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు, రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సభకు వస్తావా అక్కా, నేను వచ్చి తీసుకెళ్తాను, ఎంతైనా మనిషి పోయాడు కదా అన్నాను.

“పోతే పోయినాడులేరా. ఆ మనిషి ముందే పోయుంటే నా థీసిస్సు సరిగ్గా ఉండేది.”